అవుటైన పిల్లవాడు ఎక్కడ కూర్చుంటున్నాడు?

మే నెలలో కొత్తకోటలో ఉదయం తొమ్మిది దాటితే ఆవరణలో కాలు పెట్టలేం. అందుకే పోయిన వేసవి సెలవుల బైబిలు పాఠశాలలో ఆటలు ఏడున్నరకే మొదలుపెట్టాం. ఆ రోజు కుర్చీలాట. ఇరవై ఇద్దరు పిల్లలు, ఇరవై ఒక్క కుర్చీలు, సెల్‌ఫోన్‌లో పాట. పాట ఆగింది. మొదటి విడతలోనే ఒక పిల్లవాడు కుర్చీ దొరక్క నిలబడిపోయాడు. ఎనిమిదేళ్ళుంటాయేమో. “నువ్వు అవుటు నాయనా, అక్కడ కూర్చో” అని మాలో ఒకరు మెట్లు చూపించారు. ఆట ఇంకో అరగంట సాగింది. చివరికి గెలిచిన పాపకు పెన్సిలు డబ్బా ఇచ్చి చప్పట్లు కొట్టాం. మెట్ల మీద కూర్చున్న పిల్లవాడు చెప్పు కొనతో మట్టిలో గీతలు గీస్తూనే ఉన్నాడు. మర్నాడు రాలేదు. వాళ్ళవ్వ కనబడితే అడిగాం. “ఆడనిస్తలేరంట సారూ, పోనంటుండు” అంది.

ఆడనివ్వకపోవడమేమిటి, ఆడించాం కదా అని మొదట మాకు కొంచెం కోపం వచ్చింది. తరువాత లెక్క వేసుకున్నాం. ముప్ఫై అయిదు నిమిషాల ఆటలో ఆ బిడ్డ ఆడింది రెండు నిమిషాలు. మిగతా ముప్ఫై మూడు నిమిషాలు అతను నేర్చుకున్నది ఒక్కటే: తాను లేకపోయినా ఆటకు ఏమీ తక్కువ కాదు. అవ్వ చెప్పింది నిజమే.

ఆ పిల్లవాడి అమ్మానాన్నలు హైదరాబాదులో కట్టుబడి పనికి పోయారు. పాలమూరు జిల్లాల్లో ఇది కొత్త కథ కాదు. నాగార్జునసాగర్ వంటి ప్రాజెక్టుల దగ్గర మట్టి మోసినదీ పాలమూరు కూలీలే. ఈనాటికీ ముంబై, పూణే, హైదరాబాదుల్లో మేడలు లేచే చోట ఈ నేల మనుషులు కనిపిస్తారు. కాలువ నీళ్ళు వచ్చిన ఊళ్ళలో వలస తగ్గిందని అంటారు, సంతోషమే. అయినా వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు పల్లెల్లో అవ్వాతాతల దగ్గర పెరుగుతున్న పిల్లలు ప్రతి సండేస్కూలులోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. 44వ నంబరు జాతీయ రహదారి కొత్తకోట మీదుగానే పోతుంది. బస్సు ఎక్కించడానికీ బస్సు దిగేవాళ్ళ కోసం ఎదురుచూడడానికీ ఆ రోడ్డుకే వస్తారు.

ఇలాంటి పిల్లలను “నీకెలా ఉందమ్మా?” అని అడిగితే “మంచిగుంది” అంటారు. అబద్ధం చెప్పాలని కాదు. లోపల ఉన్నదానికి వాళ్ళ దగ్గర ఇంకా మాట లేదు. పెద్దవాళ్ళమైన మనకే చాలాసార్లు ఉండదు. పిల్లల్లో అది మాటగా కాక మరోలా బయటపడుతుంది. పక్కవాడి పలక లాక్కుంటారు, ఊరికే గిల్లుతారు, లేదంటే మెట్ల మీద ముడుచుకుంటారు. మనం దాన్ని అల్లరి అంటాం, మొండితనం అంటాం.

కొత్తకోట చుట్టుపక్కల పాఠకులకు సరళాసాగర్ తెలుసు. నీటిమట్టం నిండగానే మనిషి చెయ్యి పడకుండా, వాటంతట అవే నీళ్ళు వదిలే సైఫన్లు దాని ప్రత్యేకత. అంతటి ఏర్పాటు ఉన్న చెరువుకే 2019 డిసెంబరు 31న కట్ట తెగింది. పోలికను మరీ లాగము గాని, పిల్లల మనసుకు ఆట అలాంటి సైఫను. నిండినప్పుడు కొంచెం కొంచెంగా, ఎవరికీ దెబ్బ తగలకుండా బయటికి పోయే దారి. ఆ దారి లేనిచోట గండి పడుతుంది.

ఇది ఈనాటి మనస్తత్వ శాస్త్రం కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. మత్తయి 11, లూకా 7 అధ్యాయాల్లో ప్రభువు ఒక సంతవీధిని చూపిస్తాడు. పిల్లలు గుంపుగా కూర్చుని పెళ్ళి ఆట ఆడదామని పిల్లనగ్రోవి ఊదారు, తోటివాళ్ళు ఆడలేదు. పోనీ చావు ఆట ఆడదామని ఏడ్చారు, అదీ ఆడలేదు. ఆ మాట ఆ తరానికి చేసిన మందలింపు అని మనకు తెలుసు. కానీ ఆ మందలింపుకు ఆయన ఎంచుకున్న పోలిక చూడండి. పిల్లలు ఏం ఆడుకుంటారో ఆయన గమనించాడు. పెళ్ళి, చావు. సంతోషం, దుఃఖం. పెద్దవాళ్ళ ఇళ్ళలో చూసిన రెండు పెద్ద విషయాలనూ పిల్లలు వీధిలోకి తెచ్చుకుని తమ చేతులతో తిప్పి చూసుకుంటారు. తోటివాళ్ళు ఆడకపోతే కలిగే నొప్పి కూడా ఆ పోలికలోనే ఉంది.

ఇక కుర్చీలాట దగ్గరికి వద్దాం. ఆ ఆటను మేము మానలేదు, మార్చాం. కెనడాకు చెందిన టెర్రీ ఆర్లిక్ 1978లో ప్రచురించిన సహకార క్రీడల పుస్తకం తరువాత ఈ మార్పు చాలా దేశాల బడుల్లోకి వెళ్ళింది. పాట ఆగిన ప్రతిసారీ కుర్చీ తీసేస్తాం, పిల్లవాణ్ణి మాత్రం తీయం. ఇరవై ఇద్దరూ ఇరవై కుర్చీల్లో సర్దుకోవాలి, తరువాత పదిహేనులో, తరువాత పదిలో. ఒకరి ఒడిలో ఒకరు, కుర్చీ అంచున ఒకరు, పడిపోకుండా పట్టుకుని ఒకరు. అందరికీ చోటు దొరికితే అందరూ గెలిచినట్టు. ప్లాస్టిక్ కుర్చీలు మాత్రం వద్దు, విరుగుతాయి. మాకు రెండు విరిగాయి. చాపలో, పాత దుప్పటో పరిచి మడుస్తూ పోతే అదే ఆట అవుతుంది, ఖర్చూ లేదు. మొదటిసారి ఆడించినప్పుడు పెద్ద పిల్లలు “ఇందులో గెలిచేదెవరు?” అని విసుక్కున్నారు. చాప జానెడైన వేళకు వాళ్ళే చిన్నవాళ్ళను భుజాల మీదికి ఎక్కించుకుంటున్నారు.

గెలుపోటములు లేని ఆటలే ఆడించాలని మేము అనడం లేదు. ఓడిపోవడం పిల్లలకు తెలియాలి. ఎలా ఓడిపోతున్నారన్నదే ప్రశ్న. మన కబడ్డీని చూడండి. కూతకు వెళ్ళినవాడు చిక్కితే పిల్లలు “సచ్చిండు” అంటారు. గీత బయట కూర్చుంటాడు. కానీ అతని జట్టు అవతలివాళ్ళలో ఒకరిని అవుట్ చేయగానే ఇతను “బతికి” లోపలికి వస్తాడు. అందుకే బయట కూర్చున్నవాడు మట్టిలో గీతలు గీయడు. నోరంతా తెరిచి అరుస్తుంటాడు, ఎందుకంటే తన బతుకు లోపలివాళ్ళ చేతిలో ఉంది. ఓటమి ఉంది, తిరిగి రావడమూ ఉంది. ఏడుపెంకులాటలోనూ అంతే. బంతి తగలకుండా ఒకడు పరుగెత్తి అవతలివాళ్ళను మరిపిస్తుంటే ఇంకొకడు పెంకులు పేరుస్తాడు. గురి లేనివాడికీ, పరుగు రానివాడికీ, చేతివేళ్ళ నేర్పు మాత్రమే ఉన్నవాడికీ అందులో పని దొరుకుతుంది. మన ఊరి ఆటల్లో ఇంత తెలివి ఉండగా మనం పట్టణపు బడుల పుట్టినరోజు పార్టీల నుండి కుర్చీలాటను ఎందుకు అరువు తెచ్చుకున్నామో!

చిన్నపిల్లల విషయంలో తెలుగువాళ్ళ ఏర్పాటు ఒకటి ఉంది. అయిదేళ్ళ చెల్లెలు కూడా ఆడతానని ఏడిస్తే “అది ఆటలో అరటిపండు” అంటారు. పరుగెత్తవచ్చు, పట్టుకోవచ్చు, కానీ అవుట్ కాదు, దొంగా కాదు. నియమం తెలియని పసిదాన్ని బయట నిలబెట్టకుండా, నియమాన్నీ చెడగొట్టకుండా పిల్లలే కనిపెట్టిన దారి ఇది. అయితే పదేళ్ళ పిల్లవాణ్ణి, కాలు సరిగా లేదనో మాట తడబడుతుందనో అరటిపండును చేస్తే అది దయ కాదు, అవమానం. వాడికి ఆటలో నిజమైన పని ఇవ్వాలి.

తొండి గురించి కూడా చెప్పాలి. ఆటల పీరియడులో మాకు ఎక్కువ తలనొప్పి తెచ్చేది ఇదే. “వాడు తొండి చేసిండు సార్!” వెంటనే మేం ఈల ఊది తీర్పు చెప్పేవాళ్ళం, ఎందుకంటే మాకు సమయం లేదు, ఆట సాగాలి. ఇది పొరపాటని తెలియడానికి చాలాకాలం పట్టింది. ఉపాధ్యాయ శిక్షణ పొందినవారికి పియాజే పేరు తెలుసు. ఆ స్విట్జర్లాండు మనస్తత్వ శాస్త్రవేత్త పిల్లల నీతి గురించి 1932లో తెచ్చిన పుస్తకానికి పిల్లల గోలీలాటను గంటలకొద్దీ గమనించాడు, వాళ్ళతో కూర్చుని నియమాలు అడిగాడు. చిన్నవాళ్ళు నియమం అంటే పెద్దవాళ్ళు ఎప్పుడో పెట్టింది, మార్చకూడనిది అనుకుంటున్నారు, తీరా ఆడేటప్పుడు ఎవరిష్టం వారిది. పది పన్నెండేళ్ళకు వచ్చేసరికి నియమం అందరం ఒప్పుకుంటే నిలిచేదని, అందరం ఒప్పుకుంటే మార్చుకోగలిగేదని తెలుస్తుంది. ఈ తేడా బోధిస్తే రాదు. తోటివాళ్ళతో వాదించి, కటీఫ్ చెప్పి, మళ్ళీ జట్టు కట్టి తెచ్చుకునేది. మనం ఈల ఊదిన ప్రతిసారీ ఆ వాదన మధ్యలో ఆగిపోతుంది.

కాబట్టి ఇప్పుడు మా పద్ధతి ఇది. చేతులు లేచేదాకా కలుగజేసుకోం. లేస్తే ఆట ఆపి “ఇప్పుడు ఏం చేద్దాం, మీరే చెప్పండి” అంటాం. ఒక్కోసారి పది నిమిషాలు గొడవే జరుగుతుంది, ఆట జరగదు. తల్లిదండ్రులు చూస్తే ఈ సండేస్కూలులో క్రమశిక్షణ లేదనుకుంటారు. అనుకోనివ్వండి. పక్కవాడి మాట వినడం, తన మాట నెగ్గకపోయినా ఆటలో ఉండడం, ఒకవేళ తనదే తొండి అయితే ఒప్పుకోవడం, ఇవన్నీ ఆ పది నిమిషాల్లోనే ఉన్నాయి.

మనసులోని భావాలను సూటిగా పట్టుకునే ఆటలు వేరే ఉన్నాయి. వాటి కథ కూడా వలస పిల్లలతోనే ముడిపడింది. అమెరికాలోని షికాగోలో 1889లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అనే ఇద్దరు స్త్రీలు హల్ హౌస్ అనే సేవాకేంద్రం తెరిచారు. చుట్టూ యూరపు నుంచి వచ్చిన కూలీ కుటుంబాలు, ఒక్కో ఇంట్లో ఒక్కో భాష. 1920లలో నీవా బాయ్డ్ అనే అధ్యాపకురాలు అక్కడ గుంపు ఆటలు నేర్పడంలో శిక్షణ ఇచ్చేది. ఆమె దగ్గర నేర్చుకున్న వయోలా స్పోలిన్ తరువాత భాష కలవని పిల్లలతో పనిచేస్తూ ఆ ఆటలను నాటకపు ఆటలుగా మలిచింది. ఈనాడు నటనా శిక్షణలో వాడే అభ్యాసాల్లో కొన్ని అలా పుట్టినవే.

వాటిలో అద్దం ఆట తేలికైనది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడాలి. ఒకరు నెమ్మదిగా చేయి ఎత్తితే, తల వంచితే, ఎదుటివారు అద్దంలోలాగా అదే చేయాలి. రెండు నిమిషాల తరువాత మార్చుకోవాలి. మాట అక్కరలేదు. తెలుగు, ఉర్దూ, లంబాడీ ఏ ఇంటి భాష అయినా ఫరవాలేదు. ఎప్పుడూ ఎవరి కళ్ళలోకీ చూడని పిల్ల రెండు నిమిషాలు తోటిపిల్ల ముఖం చూస్తూ ఉంటుంది. ఎప్పుడూ ముందుండి అరిచే పిల్లవాడు రెండు నిమిషాలు ఇంకొకరి వెనక నడుస్తాడు. తొందరగా చేసి ఎదుటివాణ్ణి ఓడించాలని చూసేవాళ్ళు ఉంటారు. ఎదుటివాడు తప్పిపోతే తప్పు అద్దానిది కాదు, చూపించేవాడిదని ముందే చెప్పాలి.

రెండో ఆటను మేం “బస్సొచ్చింది” ఆట అంటున్నాం. గుండ్రంగా నిలబడిన పిల్లల్లో ఒకరు మధ్యలోకి వచ్చి ఆ ఒక్క మాట, “బస్సొచ్చింది” అనాలి. అయితే చీటీలో వచ్చిన భావంతో అనాలి. సంతోషం, కోపం, భయం, సిగ్గు, దిగులు. మిగతావాళ్ళు కనిపెట్టాలి. అదే మాట సంతోషంగా అంటే పండక్కి అమ్మ దిగుతున్నట్టు, భయంగా అంటే ఫీజు కట్టని రోజు బడికి పోతున్నట్టు ఉంటుంది. మేము ఎవరినీ “మీ అమ్మ గుర్తొచ్చిందా?” అని అడగం. బస్సు ఎవరిదో, ఎక్కేది ఎవరో ఆ పిల్లకే తెలుసు. తన సంగతి చెప్పకుండానే తన భావాన్ని నలుగురిలో పెట్టగలగడమే ఈ ఆట ఇచ్చే రక్షణ.

చీటీల మీద మాటలు రాసేటప్పుడు పుస్తకాల తెలుగు వద్దు. మొదట మేము “ఆందోళన”, “నిరాశ” అని రాశాం, పిల్లలు తెల్లముఖం వేశారు. తరువాత వాళ్ళ మాటలే అడిగి రాశాం. రంది, బుగులు, గుస్స, యాది, అలుగుడు, కుళ్ళు. పాలమూరు పిల్లలకు రంది అంటే ఏమిటో ఏ నిఘంటువూ చెప్పక్కరలేదు. అలకకు, కోపానికి తేడా అడిగితే ఒక పాప చెప్పిన జవాబు మా అందరికీ గుర్తుండిపోయింది: గుస్స ఎవరి మీదనైనా వస్తదట, అలిగేది మాత్రం వచ్చి బతిమాలేటోళ్ళ మీదనేనట. ఇంత తెలిసిన పిల్లలకు మనం భావాలు నేర్పుతున్నామనుకోవడం గొప్పే. ఆ మాటలను నలుగురిలో అనవచ్చని తెలియజేస్తే చాలు.

చేతులు పట్టుకునే ఆటల దగ్గర ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. గుండ్రంగా చేతులు పట్టుకోమన్నప్పుడు ఎవరు ఎవరి పక్కన నిలబడడానికి జరుగుతున్నారో, ఎవరి చెయ్యి మణికట్టు దగ్గర మాత్రమే అందుకుంటున్నారో చూడండి. కొన్నిసార్లు అది ఆడపిల్లలు మగపిల్లల బిడియం. కొన్నిసార్లు పుండ్లున్న చెయ్యి అని, మురికి బట్టలని. కొన్నిసార్లు ఇంటి దగ్గర విన్న కులం మాట. మందిరం ఆవరణలో అలాంటిది లేదని మనం అనుకుంటాం. పిల్లల చేతులు అనుకోవు, ఉన్నది చూపిస్తాయి. అక్కడికక్కడ మందలిస్తే చెయ్యి దొరకని పిల్లవాడు ఇంకా చిన్నబోతాడు. మేము చేసేది: రెండు నిమిషాలకోసారి స్థానాలు మారే ఆటలు ఎంచుకుంటాం, పేరు పిలిచి మార్పిస్తాం, ఉపాధ్యాయుడే వెళ్ళి ఆ చెయ్యి మొదట పట్టుకుంటాడు. చెమ్మచెక్కకు అరచేతులు తగలక తప్పదు, పైగా లయలో పడ్డాక ఎవరి చెయ్యన్న ధ్యాస ఉండదు. తల్లిదండ్రులతో మాట్లాడవలసింది ఆట అయ్యాక, వేరుగా.

దాగుడుమూతల్లో పిల్లలకు ఇష్టమైనది దాక్కోవడమని అనుకుంటాం. దాక్కున్న పిల్లవాణ్ణి పది నిమిషాలు ఎవరూ వెదకకపోతే ఏమవుతుందో చూడండి. తానే దగ్గుతాడు, కాలు బయట పెడతాడు. ఆట ఉన్నది దొరకడంలోనే. మా మెట్ల మీది పిల్లవాడు మళ్ళీ వచ్చింది ఈ ఆటతోనే. తీసుకొచ్చింది మేం కాదు, అతని తోటివాడు. “దొంగ తక్కువయిండు, రా” అని ఇంటికి పోయి పిలిచాడట. ఆ రోజు అతను నీళ్ళ ట్యాంకు వెనక దాక్కున్నాడు. వెదికేవాడు అతని పేరు గట్టిగా పిలుస్తూ ఆవరణంతా తిరిగాడు. దొరికినప్పుడు ఆ ముఖంలో ఉన్న నవ్వును మేం వర్ణించలేం. అందరూ దొరికేదాకా ఆట ముగించకూడదని అప్పటి నుంచి నియమం పెట్టుకున్నాం. ఎంత ఆలస్యమైనా, ప్రార్థనకు గంట కొట్టినా.

కొన్ని హద్దులు చెప్పుకోవాలి. ఆట వైద్యం కాదు. పిల్లలను చుట్టూ కూర్చోబెట్టి ఇంటి కష్టాలు చెప్పించడం ఆట కాదు, సాక్ష్యాల కూటమూ కాదు. అది వాళ్ళకు హాని. ఆటలో ఏదైనా బయటపడితే మరుసటి ఆదివారం ప్రసంగంలో ఉదాహరణగా వాడుకోకూడదు, పేరు చెప్పకపోయినా సరే. ఊళ్ళో అందరికీ తెలిసిపోతుంది. ఒక బిడ్డ వారాలపాటు తినకపోయినా, రాత్రిళ్ళు ఉలిక్కిపడుతున్నా, తనను తాను గాయపరచుకుంటున్నా, ఎవరో ముట్టుకుంటున్నారని చెప్పినా అది మన ఆటల పరిధి దాటిన విషయం. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది, మనసు బాధలకు ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. రెండూ ఉచితమే. లైంగిక వేధింపుల సంగతి తెలిసీ చెప్పకపోవడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం నేరం. సంఘ గౌరవం అనే సాకు అక్కడ పనికిరాదు. ఆటలు ఎప్పుడూ నలుగురికీ కనబడే చోట, కనీసం ఇద్దరు పెద్దలుండగానే ఆడించాలి.

ఆడుకోవడం పిల్లల హక్కని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం చెబుతోంది. మన దేశం 1992లో దాన్ని అంగీకరించింది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందు జెకర్యా ప్రవక్త పాడుపడిన యెరూషలేము తిరిగి కోలుకున్నప్పుడు ఎలా ఉంటుందో చెబుతూ (8వ అధ్యాయం), వీధుల్లో చేతికర్రలు పట్టుకున్న ముసలివాళ్ళనూ, వాళ్ళ మధ్య ఆడుకునే బాలబాలికలనూ చూపించాడు. మన పల్లెల్లో ఇప్పుడు ముసలివాళ్ళూ పిల్లలే మిగిలారు కాబట్టి ఆ బొమ్మ మాకు మరీ దగ్గరగా అనిపిస్తుంది.

ఈ వేసవికి మొదలుపెట్టాలనుకునేవారికి: పన్నెండు నుంచి ఇరవై మంది చాలు, ఎక్కువైతే రెండు గుంపులు. ముందు కబడ్డీయో ఏడుపెంకులో ఆడించి ఒంట్లో ఉడుకు తగ్గాక అద్దం ఆట, తరువాత “బస్సొచ్చింది”. మొదటి రోజే భావాల ఆట పెడితే ఎవరూ నోరు విప్పరు, మూడో రోజు పెట్టండి. నేను ఆడను అన్న బిడ్డను బలవంతపెట్టవద్దు. వెలి వేయనూవద్దు. పాట ఆపే పనో, చీటీలు పట్టుకునే పనో చేతికి ఇచ్చి గుండ్రంలోనే నిలబెట్టండి. పెన్సిలు డబ్బాలు కొనే డబ్బుతో ఒక పెద్ద చాప, రెండు రబ్బరు బంతులు కొనండి. పెంకులు మన ఊళ్ళో ఉచితంగానే దొరుకుతాయి.